గోదావరి ఆర్చి బ్రిడ్జికి ఆర్చీలెన్ని? ఓ మోడల్ రైల్వే బిల్లు పేచీ

ప్రశ్న: మాది రాజమండ్రి. ఉద్యోగరీత్యా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. నాన్నగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన డెబ్బై ఐదో పుట్టినరోజుకి ఒక మోడల్ రైల్వే లేఅవుట్ (బల్ల మీద పట్టాలు, స్టేషనుతో నడిచే చిన్న రైళ్ల అమరిక) కట్టించి ఇద్దామని, ఇక్కడే చిన్న వర్క్‌షాప్ నడిపే ఒకాయనకు పని అప్పగించాను. చిత్తూరు వైపు మనిషి, మనవాళ్లే కదా అని ఒక పేజీ కొటేషనుతో సరిపెట్టుకున్నాం (దాని కాపీ, ఆయన గీసిన ప్లాను జతచేశాను). హెచ్‌ఓ స్కేలు (అసలులో 87వ వంతు), 12 అడుగులకు 5 అడుగుల బల్ల, స్టేషను, యార్డు, 'గోదావరి ఆర్చి బ్రిడ్జి', అన్నీ కలిపి 5,80,000. ఇప్పటికి 4,00,000 ఇచ్చాను. పని దాదాపు అయిపోయిందంటూ 8,45,000కి బిల్లు పంపాడు. పెరిగిన 2,65,000 ఇలా ఉంది: డీసీసీకి (ఒక్కో ఇంజన్నీ విడిగా నడిపే డిజిటల్ పద్ధతికి) మార్చినందుకు 90,000, బ్రిడ్జికి అదనంగా రెండు ఆర్చీలకు 70,000, దిగుమతి పట్టాల ధర పెరిగినందుకు 45,000, 'అదనపు లేబరు' 60,000. డీసీసీ నేనే ఫోనులో అడిగాను, నిజమే, కానీ రేటు మాట రాలేదు. బ్రిడ్జి అంటే ఒక్క ఆర్చి అని నేనెప్పుడూ అనుకోలేదు. లేబరు సంగతి ఏమిటంటే, వెనక వైపు ఒక లైను పైకెక్కి ఇంకో లైనును దాటే చోట ఆరు బోగీల బండి ఎక్కలేక చక్రాలు జారుతుంటే, ఆ ముక్క పీకి మళ్లీ కట్టాడట. నా మూడు ఇంజన్లు డికోడర్లు (డీసీసీ సంకేతాలు అందుకునే చిన్న బోర్డులు) బిగించడానికని ఇచ్చాను. వాటిలో ఒకదాన్ని ఇంకా ముట్టుకోనే లేదు. మొత్తం డబ్బు కడితే గానీ మూడూ ఇవ్వనంటున్నాడు. నేను మోసపోయానా? కేసు వెయ్యాలా?

జవాబు: మోసం అనడానికి మీ ఉత్తరంలో ఏమీ కనబడలేదు. కనబడిందల్లా, నాలుగు రకాల పద్దులు ఒకే మూటలో కట్టిన బిల్లు. వాటిలో ఒకటి మీరు నిజంగా బాకీ. ఒకటి ఇద్దరూ పంచుకోవలసింది. ఒకటి కాగితం చూపిస్తేనే ఇవ్వవలసింది. నాలుగోదాంట్లో పైసా మీది కాదు. అందుకే 'పోనీ ఏడున్నర లక్షలకి తెంచేద్దాం' అన్న బేరం ఎవరు మొదలుపెట్టినా ఒప్పుకోకండి. అలా మధ్యలో తెంచితే ఆయన తప్పుకి మీరు డబ్బు కట్టినట్టూ, ఆయన న్యాయంగా చేసిన పనికి కూలి ఎగ్గొట్టినట్టూ రెండూ అవుతాయి.

ఇవాళే ఒక మెసేజి పెట్టండి. తగువు మాటలేమీ వద్దు. "బిల్లులోని నాలుగు పద్దులకు విడివిడిగా సామాను, గంటలు, కొన్న బిల్లుల నకళ్లు పంపండి. వచ్చే శనివారం వర్క్‌షాపుకి వచ్చి పని చూస్తాను. చూశాక లెక్క తేల్చుకుందాం." ఇంతే. ఈ మెసేజి ఉంటే మీరు డబ్బు ఎగవేయడానికి చూస్తున్నారని రేపు ఆయన అనలేడు.

ముందు డీసీసీ. మీరు అడిగారు, ఆయన చేశాడు, దాన్ని మీరు వాడుకోబోతున్నారు. రేటు మాట్లాడుకోలేదు గనక ఇవ్వనక్కర్లేదనడం కుదరదు. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని ఫలితం ఇంకొకరు అనుభవిస్తే, తగిన ప్రతిఫలం ఇవ్వాలని 1872 కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి పేచీ ఇవ్వాలా వద్దా అని కాదు, ఎంత అని.

ఇక్కడ దాదాపు అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది. డీసీసీ వచ్చిందంటే మామూలు డీసీ పద్ధతికి కావలసినవి కొన్ని పోయాయన్నమాట. మీ కొటేషనులో 'కంట్రోల్ ప్యానెల్, బ్లాక్ స్విచ్‌లు, 2 కంట్రోలర్లు – 38,000' అని ఒక వరుస ఉంది. డీసీసీలో పట్టాల మీద ఎప్పుడూ ఒకే కరెంటు ఉంటుంది, ఏ ఇంజన్ ఎంత వేగంతో పోవాలో దానిలోని డికోడర్‌కి సంకేతం వెళుతుంది. పట్టాల్ని బ్లాకులుగా విడదీసి స్విచ్‌లు పెట్టే పని ఉండదు. బిల్లులో 90,000 కలిపాడే గానీ ఈ 38,000 తీసేయలేదు. తేడా 52,000. కంట్రోలర్లు అప్పటికే కొనేశానంటే, సరే, ఆ డబ్బాలు మీకు ఇమ్మనండి, వాటి మేరకు తగ్గింపు వదులుకోండి.

ఆ 52,000 కూడా సబబేనా అన్నది సామాను చూసి తేల్చాలి. 24 అంగుళాల వ్యాసార్థపు వంపుతో మీ బల్ల మీద ఒక చుట్టు దాదాపు 27న్నర అడుగులు. రెండో లైను, యార్డు కలిపి 60 అడుగుల పట్టా అనుకుంటే, 914 మిల్లీమీటర్ల ఫ్లెక్స్ ట్రాక్ (కావలసినట్టు వంచుకోగల పట్టా) ముక్కలు 20 పడతాయి. బల్ల కింద చుట్టూ 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు జత ఒకటి తిరగాలి, దాన్ని బస్ అంటారు. ప్రతి ముక్కకీ ఆ బస్ నుంచి సన్నని వైరు జత పైకి వచ్చి పట్టాకి సోల్డర్ అవ్వాలి, అది ఫీడర్. పట్టాల్ని కలిపే రేకు జాయినర్లను నమ్ముకుని ఫీడర్లు ఎగ్గొడితే ఏడాదికల్లా అక్కడక్కడా బండి ఆగిపోతుంది, రేకుకీ పట్టాకీ మధ్య చిలుము చేరుతుంది గనక. ఇరవై జతల ఫీడర్లు అలవాటైన చేతికి ఒక రోజు పని. ఇక డికోడర్లు. ఇంజన్లో ఎనిమిది పిన్నులదో 21 పిన్నులదో సాకెట్ ఉంటే అయిదు నిమిషాల్లో గుచ్చెయ్యొచ్చు. సాకెట్ లేని పాత ఇంజనైతే మోటారును ఛాసీ నుంచి విడదీసి, ఒక్కో వైరూ సోల్డర్ చెయ్యాలి, పూట పడుతుంది. సౌండు డికోడర్‌కీ మామూలు దానికీ ధరలో చాలా తేడా. కాబట్టి 'డికోడర్లు 3' అన్న ఒక్క వరుస చాలదు. ఏ ఇంజన్‌కి ఏ రకం, సాకెట్ ఉందా లేదా అన్నది రాసి ఇమ్మనండి. వైర్లు, కనెక్టర్లు, స్విచ్‌లు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికేవే, ధర సరిచూసుకోవడానికి మీకు ఒక సాయంత్రం చాలు. డికోడర్లకు సంకేతాలు పంపే పెట్టె, కమాండ్ స్టేషను మాత్రం వారంటీ కార్డుతో, మీ పేరు మీద బిల్లుతో రావాలి.

బ్రిడ్జి దగ్గర ఎవరి తప్పు ఎంతో చెప్పాలంటే కొంచెం లెక్క చెయ్యాలి. అసలు ఆర్చి బ్రిడ్జికి 28 స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య ఆర్చి ఉన్న భాగాలు), ఒక్కోటి 97.55 మీటర్లు. హెచ్‌ఓ అంటే 87వ వంతు. ఒక్క స్పానే 112 సెంటీమీటర్లు వస్తుంది. మొత్తం బ్రిడ్జి కట్టాలంటే 31 మీటర్ల గది కావాలి. మీ బల్ల 144 అంగుళాలు. రెండు చివర్లా వంపులకీ అంచులకీ 27 అంగుళాల చొప్పున పోతే తిన్నటి భాగం 90 అంగుళాలు, అంటే 228 సెంటీమీటర్లు. అసలు కొలతతో రెండు ఆర్చీలు పెడితే 224 సెంటీమీటర్లు, సరిగ్గా సరిపోతాయి. మూడు పట్టవు. ఇప్పుడు ఆయన మూడు కట్టాడంటే ఒక్కోదాన్నీ మూడింట రెండు వంతులకు కుదించి ఉండాలి.

కుదించడం తప్పేమీ కాదు, మోడల్ రైల్వేలో అందరూ చేసేదే. కానీ పొడవు తగ్గించినట్టు ఎత్తు తగ్గించలేడు, ఎందుకంటే పాంటోగ్రాఫ్ (పై తీగను అందుకునే చట్రం) ఎత్తిన కరెంటు ఇంజన్ కింద నుంచి దూరాలి. దాంతో ఆర్చి అసలుదానికంటే గూని పెట్టినట్టు నిటారుగా కనిపిస్తుంది. కొవ్వూరు, రాజమండ్రి మధ్య బ్రేక్‌వ్యాన్‌లో తిరిగిన మనిషి కంట్లో అది మొదటి చూపుకే పడుతుంది. బిల్లు సంగతి పక్కనబెట్టి, నాన్నగారికి రెండు నిజమైన ఆర్చీలు ఇష్టమా, మూడు కుదించినవి ఇష్టమా అన్నది శనివారం నిలబడి చూసి మీరే తేల్చుకోండి.

డబ్బు విషయానికొస్తే, 'గోదావరి ఆర్చి బ్రిడ్జి – 40,000' అని కొటేషనులో ఉన్న మాట రెండు అర్థాలకీ తావిస్తోంది. ఎవరు రాసిన మాటలో సందేహం ఉందో, వాళ్లకు వ్యతిరేకంగా దాన్ని చదవడం కోర్టుల్లో ఉన్న పద్ధతే. రాసింది ఆయన. మీ వాట్సాప్ వెనక్కి తిప్పి చూడండి. ఒక్క ఆర్చి ఉన్న డ్రాయింగు ఆయన పంపి, మీరు 'ఓకే' అని ఉంటే మిగతా రెండూ అదనపు పనే. మూడు ఆర్చీలు కనిపించే ఫొటోయో స్కెచ్చో ఆయనే ముందు పంపి ఉంటే ఒక్క రూపాయి అదనం లేదు. ఏదీ లేకపోతే సగం దారిలో కలవండి, కానీ ఈ లెక్కతో: మొదటి ఆర్చికి డ్రాయింగు గియ్యాలి, లేజర్ కటింగ్ ఫైలు తయారుచెయ్యాలి, అతికేటప్పుడు ఆర్చి వంపు నిలబెట్టే అచ్చు చేసుకోవాలి. ఖర్చులో పెద్దపాలు అక్కడే. రెండో దానికీ మూడో దానికీ ఆ మూడు పనులూ ఉండవు, సామాను, కటింగు, అతుకు, పెయింటు మాత్రమే. మొదటిది 40,000 అయితే తర్వాతి ఒక్కోటి 35,000 ఎలా అవుతుంది? ఆర్చికి 20,000 చొప్పున 40,000 దగ్గర ఆగడం మా దృష్టిలో న్యాయం.

దిగుమతి పట్టాల 45,000కి అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఎప్పుడు కొన్నారు? గంపగుత్తగా ఒప్పుకున్న పనిలో, 'ధర పెరిగితే కొనుగోలుదారు భరించాలి' అన్న వరుస లేకపోతే పెరుగుదల పనిచేసేవాడి నెత్తినే పడుతుంది. మీ కొటేషనులో ఆ వరుస లేదు. సామాను కొనడానికే అడ్వాన్సు తీసుకుని, నెలల తరబడి కొనకుండా ఉంటే మరీ ఆయన బాధ్యత. అయినా ఒక మినహాయింపు ఇవ్వండి. స్కేలు మోడళ్లు కస్టమ్స్‌లో ఆటబొమ్మల పద్దు కిందికే, అంటే 9503 కిందికే వస్తాయి. ఆ పద్దు మీద మూల సుంకం 2020 బడ్జెట్లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి వెళ్లింది. ఇలాంటి దెబ్బ నిజంగా కొటేషను తర్వాత తగిలి ఉంటే, ఒంటరిగా నడుపుకునే వర్క్‌షాపు దాన్ని తట్టుకోలేదు. ఆ రుజువు బిల్ ఆఫ్ ఎంట్రీలో (దిగుమతి సరుకుకి కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రంలో) ఉంటుంది: తేదీ, సరుకు, సుంకం శాతం, కట్టిన మొత్తం. అది చూపించినంత మేరకు ఇవ్వండి. చూపించకపోతే వద్దు. ముక్కలు కూడా లెక్కపెట్టండి. ఫ్లెక్స్ ట్రాక్ 25 ముక్కల పెట్టెగా వస్తుంది. పెట్టె మొత్తం మీ ఖాతాలో రాసి 20 వాడితే, మిగిలిన అయిదు మీ ఇంటికి రావాలి.

నాలుగోది, 60,000 అదనపు లేబరు. ఇది ఇవ్వకండి. హెచ్‌ఓలో ఒక లైను మీదుగా ఇంకో లైను దాటాలంటే, పట్టా మందం, పలక మందం కలుపుకుని దాదాపు 100 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కాలి. 2 శాతం ఎక్కుడైతే దానికి 5 మీటర్ల పొడవు కావాలి. మీరు పంపిన ప్లానులో ఆ ఎక్కుడికి ఉన్నది రెండున్నర మీటర్లు. అంటే 4 శాతం. పైగా సగం వంపులో ఉంది. వంపు వ్యాసార్థాన్ని అంగుళాల్లో తీసుకుని 32ని దానితో భాగిస్తే, ఆ వంపు ఎంత శాతం ఎక్కుడితో సమానమో వస్తుందని ఈ పని చేసేవాళ్లు వాడే లెక్క. 24 అంగుళాల వంపు 1.3 శాతం కలుపుతుంది. అయిదు శాతం దాటిన ఎక్కుడు మీద ఆరు బోగీల బండి జారక ఏం చేస్తుంది? ఇది కాగితం మీద అయిదు నిమిషాల్లో తెలిసే సంగతి, తెలుసుకోవలసింది ప్లాను గీసినవాడు. తన ప్లాను తప్పు దిద్దుకున్న కూలి మీ బిల్లులోకి రాదు. 'ఇంత తక్కువ పొడవులో వద్దు సార్, జారుతుంది' అని ఆయన చెప్పినా మీరే పట్టుబట్టి ఉంటే మాత్రం కథ వేరు, వాట్సాప్ చూసుకోండి.

ఇప్పుడు కూడితే: 5,80,000కి డీసీసీ 52,000, బ్రిడ్జి 40,000 కలిపి 6,72,000. బిల్ ఆఫ్ ఎంట్రీ పూర్తిగా రుజువైతే 7,17,000. మీరు ఇంకా ఇవ్వాల్సింది 2,72,000కీ 3,17,000కీ మధ్య. ఆయన అడుగుతున్నది 4,45,000.

ఇంజన్ల విషయంలో ఆయనకు కొంత హక్కుంది, అనుకుంటున్నంత లేదు. మీ వస్తువు మీద పని చేసినవాడు ఆ పని కూలి అందేదాకా ఆ వస్తువును అట్టిపెట్టుకోవచ్చని అదే చట్టం 170వ సెక్షన్. ముడి వజ్రాన్ని సానబట్టిన నగల వ్యాపారి ఉదాహరణ చట్టంలోనే ఉంది. కానీ ఆ హక్కు ఆ పని కూలికే. బ్రిడ్జి బాకీ కోసం ఇంజన్లు ఆపడానికి ప్రత్యేకంగా ఒప్పందం ఉండాలి, అలా ఏ బాకీకైనా దేన్నైనా ఆపే హక్కు బ్యాంకుల వంటి కొద్దిమందికే 171వ సెక్షన్ ఇచ్చింది. డికోడర్ బిగించిన రెండు ఇంజన్లకు ఆ కూలి, డికోడర్ల ఖర్చు విడిగా పంపించి, 'ఇది ఇంజన్ల పనికి మాత్రమే' అని రాసి వాటిని తెచ్చుకోండి. ఈ మొత్తం పైన చెప్పిన 52,000లోదే, మళ్లీ కలపనివ్వకండి. ముట్టుకోని మూడోదాన్ని ఆపడానికి ఆయనకు ఏ ఆధారమూ లేదు.

శనివారం వెళ్లేటప్పుడు స్టీలు టేపు, మల్టీమీటరు, టార్చి, మీ దగ్గరున్న అన్నింటికంటే పొడవైన బోగీ, ఒక పది రూపాయల నాణెం పట్టుకెళ్లండి. నాణెం పరీక్ష అన్నింటికంటే ముఖ్యం. కరెంటు ఉన్నప్పుడు రెండు పట్టాల మీదా అడ్డంగా నాణెం ఆనించాలి, మూడడుగులకొకసారి, ప్రతి సైడింగు చివరా. ఆనించిన క్షణాన, పట్టాలకు కరెంటు పంపే బూస్టర్ కట్ అవ్వాలి. కాకపోతే వెంటనే తీసేయండి, అక్కడ ఫీడర్ సన్నగానో దూరంగానో ఉంది. 15 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లంటే 75 వాట్ల వేడి. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. పట్టా తప్పిన ఇంజన్ చక్రం అలా షార్ట్ అయి నిలబడితే ప్లాస్టిక్ స్లీపర్లు కరిగిపోతాయి, ఇంజన్ కూడా.

తర్వాత ఆరు బోగీలు తగిలించి, అతి నెమ్మదిగా ముందుకి ఒక అరగంట, వెనక్కి తోస్తూ ఒక అరగంట నడిపించండి. ముందుకి లాగేటప్పుడు దాక్కున్న వంకర్లన్నీ వెనక్కి తోసేటప్పుడు బయటపడతాయి, ముఖ్యంగా బండి లైను మారే పాయింట్ల దగ్గర. ఎల్‌హెచ్‌బీ అనే పొడవాటి కొత్త రకం బోగీ హెచ్‌ఓలో 27 సెంటీమీటర్లుంటుంది. వంపులో పక్కపక్క లైన్ల మీద రెండు పెడితే ఒకదాని నడుము ఇంకోదాని మూలకు తగులుతుందేమో చూడండి. బల్ల కిందికి దూరి ప్లైవుడ్ మీద ముద్ర చూడండి. బిల్లులో మెరైన్ రకం అని రాసుంటే ఐఎస్ 710 ఉండాలి, ఐఎస్ 303 ఉంటే అది మామూలు వాడకపు రకం. పై పలకకు 60 చదరపు అడుగులు, ఎనిమిదడుగులకు నాలుగడుగుల షీట్లు రెండు, ముక్కల వృథాకి ఇంకోటి. ఫ్రేముకి ఇంకో రెండు. బిల్లులో పది షీట్లుంటే మిగతావి ఏమయ్యాయని అడగాలి. దొరికిన ప్రతి లోపాన్నీ ఫొటోతో రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి.

ఆయన ఒప్పుకుంటే ఒక పేజీ రాసుకోండి: తుది మొత్తం, ఇచ్చింది, ఇవ్వాల్సింది, ఏ లోపాలు ఎప్పటికి సరిచేస్తాడు. డబ్బు మూడు విడతలు. వర్క్‌షాపులో పరీక్షలు నెగ్గినప్పుడు లక్ష, మీ ఇంట్లో బిగించి నడిచినప్పుడు లక్ష, ముప్పై రోజులు నడిచాక మిగిలింది. ఇక ముందు ఏ మార్పు వచ్చినా మెసేజిలో మూడే వరుసలు: ఏం మారుతుంది, ఎంత, ఎన్ని రోజులు. మీరు 'సరే' అనేదాకా పని మొదలుపెట్టకూడదు. బిల్లులో జీఎస్టీ చూపిస్తే రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసుకోండి, నంబరు లేనివాడు ఆ పన్ను వసూలు చెయ్యకూడదు.

ఒప్పుకోకపోతే పదిహేను రోజుల గడువుతో రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చెయ్యండి. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే చోటే వెయ్యొచ్చు, రెండేళ్లలోపు వెయ్యాలి, అయిదు లక్షల దాకా ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్లోనే వెయ్యొచ్చు. కానీ ఒక లేఅవుట్ విలువెంతో అక్కడ చెప్పగలిగే నిపుణుడిని మీరే వెతికి పట్టుకోవాలి, ఈలోపు సగం కట్టిన బల్ల వర్క్‌షాపులో దుమ్ము పడుతుంది. లక్ష, లక్షన్నర తేడా కోసమైతే మేము కేసు వెయ్యమని చెప్పం. ఇంజన్లు ఇవ్వకుండా, లెక్క కూడా చూపించకుండా ఉంటే వెయ్యండి.

ఇంకో పేచీ దారిలో ఉంది, ఇప్పుడే ఆపండి. కొటేషనులో రవాణా, బిగింపు మాట లేదు. 12 అడుగులకు 5 అడుగుల బల్ల మీ అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు. ఆరడుగులకు రెండున్నర అడుగుల ముక్కలు నాలుగుగా విడదీసేలా కట్టి ఉండాలి. అతుకుల దగ్గర పట్టాలు మళ్లీ అదే చోట కూర్చోడానికి రంధ్రాల్లో బిగువుగా దిగే లోహపు డోవెల్ పిన్నులుండాలి, బోల్టులొక్కటే చాలవు. బ్రిడ్జి ఆ అతుకును దాటి పోతుంది కాబట్టి విడిగా ఎత్తి తీసేలా ఉండాలి. అలా కట్టకపోతే విడదీయడానికి మళ్లీ రంపం, మళ్లీ బిల్లు. లిఫ్టు తలుపు వెడల్పు, లోపలి ఎత్తు, మెట్ల మలుపు ఈ రాత్రే టేపు పెట్టి కొలిచి, ఆ మూడు అంకెలూ ఆయనకు పంపండి.